పెద్ద టైర్లు వేశాక పికప్ పోయిందా? క్లచ్ కొనే ముందు బెల్టు మూత విప్పండి

ప్రశ్న: నా దగ్గర 570 సీసీ ఏటీవీ (బురదలో, కొండదారుల్లో నడిపే నాలుగు చక్రాల బండి) ఉంది. బెల్టు మీద నడిచే ఆటోమేటిక్. కంపెనీ ఇచ్చిన 25 అంగుళాల టైర్లు తీసేసి 28 అంగుళాల మడ్ టైర్లు వేయించాను. అప్పటి నుంచి పికప్ పోయింది. బండి బరువుగా కదులుతోంది. బురదలో దిగినా, ఎత్తు ఎక్కినా బెల్టు కాలిన వాసన వస్తోంది. ఒక మిత్రుడు మొదట క్లచ్ మొత్తం తీసేసి బయటి కంపెనీది వేయించమంటున్నాడు. ఇంకొకతను క్లచ్ లోపల తేలిక వెయిట్లు వేస్తే చాలంటున్నాడు. మరొకరు క్లచ్ లోపలి హెలిక్స్ మార్చమంటున్నారు. నాకు పికప్ తిరిగి రావాలి, టాప్ స్పీడ్ కూడా కాస్త పెరిగితే బాగుంటుంది. ఏది ముందు కొనాలి?

సమాధానం: మీకు సలహా ఇచ్చిన ముగ్గురిలో ఎవరూ పూర్తిగా తప్పు చెప్పలేదు. కానీ మూత విప్పి బెల్టు ఎలా ఉందో చూశారా అని ఒక్కరూ అడిగినట్టు లేదు. వాసన వచ్చేంతగా కాలిన బెల్టును అలాగే ఉంచి క్లచ్‌లో కొత్త సామాను వేయడం, పీలికలైన చేదతాడుకు కొత్త గిలక బిగించడం లాంటిది. కాబట్టి మీ ప్రశ్నకు నా మొదటి జవాబు: ఇవాళ ఏమీ కొనకండి.

ముందు టైర్ల లెక్క చూద్దాం. 28ని 25తో భాగిస్తే 1.12. అంటే చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి ఇదివరకటి కంటే 12 శాతం ఎక్కువ దూరం పోతుంది. వినడానికి బాగానే ఉంది. కానీ అదే ఇంజిన్ నుంచి నేలకు అందే తోపు దాదాపు 11 శాతం తగ్గింది. గేర్ల సైకిల్ మీద ఎత్తు ఎక్కుతూ ఎక్కుతూ పొరపాటున ఒక గేరు పైకి వేస్తే కాళ్లకు ఎలా తెలుస్తుందో, మీ ఇంజిన్‌కు ఇప్పుడు అలా ఉంది. దీనికి తోడు మడ్ టైర్ల బరువు. చక్రం అంచున చేరిన బరువు, క్యారియర్ మీద పెట్టిన బరువు ఒకటి కాదు. దాన్ని ముందుకు తొయ్యడమే కాదు, గిర్రున తిప్పాలి కూడా. అందుకే మీకు తేడా అంతా కదిలేటప్పుడే కనిపిస్తోంది. (ఇంకో సంగతి. చక్రాల చుట్లను బట్టి లెక్కగట్టే మీటరు అయితే, అది 50 చూపిస్తున్నప్పుడు మీరు నిజానికి 56 మీద ఉంటారు. టాప్ స్పీడ్ తగ్గిందని బెంగపడే ముందు ఇది చూసుకోండి. టైరు మీద అచ్చేసిన సైజు, దాని అసలు ఎత్తు ఒకటే కానక్కరలేదు కాబట్టి రెండు టైర్లనూ టేపు పెట్టి కొలిస్తే ఇంకా మంచిది.)

ఇక క్లచ్. గేర్లు లేని స్కూటర్ విప్పి చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఇంజిన్ షాఫ్ట్ మీద ఒక పుల్లీ, గేర్‌బాక్స్ వైపు ఒక పుల్లీ, రెంటి మధ్య వి ఆకారపు బెల్టు. ఇంజిన్ వైపుదాన్ని ప్రైమరీ అంటారు, రెండోది సెకండరీ. ఒక్కో పుల్లీకి రెండేసి పళ్ళేలు ఉంటాయి. అవి దగ్గరికి వస్తే బెల్టు అంచు వైపు పైకెక్కుతుంది, దూరం జరిగితే మధ్యకు దిగిపోతుంది. మీ బండి ఐడిల్‌లో ఉన్నప్పుడు ప్రైమరీ పళ్ళేలను స్ప్రింగ్ విడదీసి పట్టుకుంటుంది. రేజ్ ఇచ్చేసరికి వెయిట్లు బయటికి విసురుకుని ఆ స్ప్రింగ్‌ను అణిచి, పళ్ళేలను దగ్గరికి నెడతాయి. బెల్టు పట్టుకుంటుంది, బండి కదులుతుంది. సెకండరీలో అంతా తలకిందులు. అక్కడి స్ప్రింగ్ పళ్ళేలను మూసి ఉంచాలని చూస్తుంది. హెలిక్స్ అనే వాలు ఉన్న ముక్క, చక్రాల మీద లోడు పెరిగినప్పుడల్లా ఆ పళ్ళేలను ఇంకా గట్టిగా మూస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు గేరు దానంతట అదే కిందికి దిగేది దానివల్లే. (ఇక్కడ గేరు అంటే బెల్టు ఉన్న చోటును బట్టి వచ్చే నిష్పత్తి.)

గమనించారా, ఇందులో ఏ ముక్కా హార్స్‌పవర్ పుట్టించదు. ఇంజిన్‌కు ఒక ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర ఎక్కువ శక్తి వస్తుంది. ఎక్సలేటర్ పూర్తిగా నొక్కినప్పుడు ఇంజిన్‌ను ఆ ఆర్‌పీఎం దగ్గరే పట్టి ఉంచడం క్లచ్ పని. వెయిట్లు, స్ప్రింగులు, హెలిక్స్ అన్నీ ఆ పట్టుకోవడాన్ని సరిచేసేవే. "క్లచ్ మార్చాక బండి రాకెట్ అయింది" అని ఎవరైనా అంటే, అంతకు ముందు వాళ్ల క్లచ్ ఎక్కడో తప్పు చోట పట్టుకుని ఉండేదన్నమాట.

సరే, మూత విప్పండి. ఇంజిన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, చల్లారాకే. మూత తీసి ఉండగా రేజ్ ఇచ్చి చూడాలన్న సరదా కొందరికి ఉంటుంది. మీకు వద్దు. తెగిన బెల్టు ముక్క ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

బెల్టు రెండు పక్కలూ అద్దంలా మెరుస్తున్నాయా? అయితే జారి జారి గ్లేజ్ అయిందని అర్థం. ఒక్కచోట మాత్రం నడుం సన్నబడ్డట్టు అరిగిందా? అది డ్రైవింగ్ తప్పు. చక్రాలు బురదలో ఇరుక్కుని తిరగకుండా ఉన్నప్పుడు రేజ్ ఇస్తే, బెల్టు కదలదు, ప్రైమరీ మాత్రం ఆ ఒక్కచోటే రుద్దుతూ తిరుగుతుంది. బెల్టు వెడల్పు కొలిచి మాన్యువల్‌లో ఇచ్చిన కనీస కొలతతో పోల్చండి. వెడల్పు తగ్గిన బెల్టు ప్రైమరీలో పూర్తి ఎత్తుకు ఎక్కలేదు, సెకండరీలో మొదలవ్వాల్సిన చోట మొదలవ్వదు. అంటే పికప్, టాప్ స్పీడ్ రెండూ పోతాయి. మీ బాధలో సగం ఇదే అయి ఉండొచ్చని నా అనుమానం.

పళ్ళేల మీద నల్లటి బెల్టు పొడి, మెరుపు కనిపిస్తే రాపిడి ప్యాడ్‌తో తేలిగ్గా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. గ్రీజు, ఆయిల్, స్ప్రే ఏదీ బెల్టు దారిలో పడకూడదు. వేలు పెడితే తగిలేంత గాడి పడి ఉంటే తుడిచి లాభం లేదు, పళ్ళెం మార్చాల్సిందే. ప్రైమరీలో వెయిట్లు ఒరుసుకునే రోలర్లు ఒక పక్క చదునైపోయాయా, బుష్‌లలో ఊగు ఉందా చూడండి. చివరగా గాలి గొట్టాలు. బెల్టు పెట్టెలోకి చల్లగాలి వచ్చే దారి బురదతో మూసుకుపోతే ఏ ఖరీదైన క్లచ్ అయినా కాలిపోతుంది. కొన్ని మోడళ్లలో ఆ గాలికి విడిగా ఒక ఫిల్టర్ కూడా ఉంటుంది, దాన్ని చాలామంది కొన్నప్పటి నుంచీ చూసి ఉండరు.

వాసన గురించి ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. బురదలో, ఎత్తుల మీద మీరు లో గేరు, అంటే లివరుతో మార్చుకునే హై, లో రెంటిలో నెమ్మదిది, వాడుతున్నారా? నడక వేగంతో పోతూ హై గేరులోనే లోడు లాగించడమే బెల్టులు కాలడానికి నేను ఎక్కువగా చూసిన కారణం. పెద్ద టైర్లు వేసినవాళ్లకు లో గేరు అవసరం ఇంకా ఎక్కువ. ఇంకో అలవాటు కూడా ఉంటుంది. పాపం, బెల్టు మీద జాలితో ఎక్సలేటర్ మిల్లీమీటరు మిల్లీమీటరుగా నొక్కుతుంటారు. నిజానికి అదే దానికి హింస. బెల్టు సగం పట్టీ పట్టక జారేది ఆ కాస్త సమయంలోనే. కదలాలి అనుకున్నప్పుడు తడుముకోకుండా నొక్కి, బెల్టును పట్టుకోనివ్వండి. అప్పటికీ చక్రం తిరగకపోతే వెంటనే వదిలేయండి.

ఇవన్నీ సరిచేశాక కూడా పికప్ సరిపోకపోతే, అప్పుడు ఒక అంకె కావాలి. మీ ఇంజిన్‌కు గరిష్ఠ శక్తి ఏ ఆర్‌పీఎం దగ్గర వస్తుందో మాన్యువల్‌లోనో, క్లచ్ కిట్ (వెయిట్లు, స్ప్రింగులు కలిపిన సెట్) తయారుచేసేవాళ్ల దగ్గరో దొరుకుతుంది. ఖాళీగా, తిన్నగా ఉన్న మట్టిదారిలో హై గేరులో పూర్తిగా నొక్కి, మీటరు మీద ఆర్‌పీఎం ఎక్కడ నిలబడుతోందో చూడండి. నాలుగైదుసార్లు చూడండి, బెల్టు చల్లగా ఉన్నప్పుడు, వేడెక్కాక కూడా. నిలబడాల్సిన చోటు 6,500 అనుకుందాం, మీది 6,000 దగ్గరే ఆగిపోతోంది అనుకుందాం. అంటే ఇంజిన్ ఊపందుకోకముందే వెయిట్లు గేరును పైకి తోసేస్తున్నాయి. అప్పుడు మీ రెండో మిత్రుడి మాట నిజం, తేలిక వెయిట్లు కావాలి. అంకె ముందే సరైన చోట ఉంటే తేలిక వెయిట్లు వేయడం వల్ల నష్టమే. ఇంజిన్ గీపెడుతూ, చుట్లు హద్దు దాటకుండా ఆపే రెవ్ లిమిటర్‌కు తగులుతుంది, బండి మాత్రం ముందుకు పోదు, పెట్రోలు పోతుంది.

వెయిట్ల దగ్గర గ్రాములే కాదు, ఆ గ్రాములు ఎక్కడున్నాయన్నది కూడా లెక్కే. (వెయిట్లు ఒక చివర కీలు మీద ఊగే చిన్న చేతుల్లా ఉంటాయి.) కొనవైపు బరువు ఉంటే దాని ప్రభావం ఎక్కువగా పై వేగాల్లో కనిపిస్తుంది, మొదటివైపు ఉంటే కదిలేటప్పుడు కనిపిస్తుంది. రివెట్లు, చిన్న స్క్రూలు మార్చుకునే వెయిట్లు అందుకే తయారుచేస్తారు. ఓపిక ఉన్నవాళ్లకు అవి మంచి ఆటవస్తువు. మీకు తొందర ఉంటే టైరు సైజు చూసి ఇచ్చే స్థిరమైన సెట్టే మేలు.

ప్రైమరీ స్ప్రింగ్‌కు రెండు అంకెలు ఉంటాయి, మొదటి బలం, చివరి బలం. మొదటిది పెరిగితే బండి కదలడం మొదలయ్యే ఆర్‌పీఎం పెరుగుతుంది. చివరిది పెరిగితే పూర్తిగా నొక్కినప్పుడు ఇంజిన్ నిలబడే ఆర్‌పీఎం పెరుగుతుంది. "ఎర్ర స్ప్రింగ్ వేయించు, తిరుగుండదు" అనే సలహాను అక్కడికక్కడే మరచిపోండి. ఒక కంపెనీ ఎరుపుకు ఇంకో కంపెనీ ఎరుపుకు సంబంధం ఉండదు. అంకెలు అడగండి. మీరు బురదలో, రాళ్లలో మెల్లగా నడుపుతారు కాబట్టి మొదటి అంకె మరీ పెంచుకోకండి. బండి కదలడమే ఒక కుదుపుతో మొదలైతే చిన్న చిన్న అడ్డంకులు దాటడం నరకం.

నన్నడిగితే పెద్ద టైర్లవాళ్లకు అసలు ఉపకారం చేసేది సెకండరీ స్ప్రింగ్. కాస్త గట్టి స్ప్రింగ్ వేస్తే బెల్టు మీద పట్టు పెరుగుతుంది, ఎత్తు తగిలినప్పుడు గేరు త్వరగా కిందికి దిగుతుంది, రేజ్ వదిలి మళ్లీ నొక్కినప్పుడు ఇంజిన్ చతికిలబడదు. కాస్త అన్నాను, గుర్తుంచుకోండి. మరీ గట్టిది వేస్తే బెల్టు నలిగి వేడెక్కుతుంది, ఆ స్ప్రింగ్‌ను అణచడానికే శక్తి ఖర్చవుతుంది, గేరు పైకి ఎక్కనని మొండికేస్తుంది. దొరికినవాటిలో అన్నిటికంటే గట్టిదే మంచిదనుకునే జబ్బు మనలో చాలామందికి ఉంది.

హెలిక్స్ సంగతి. వాలు నిటారుగా ఉంటే గేరు త్వరగా పైకెక్కుతుంది, వాలు తక్కువైతే నెమ్మదిగా ఎక్కి, లోడు తగలగానే చప్పున దిగుతుంది. బరువు టైర్లకు రెండోదే నప్పుతుంది. అయినా దాన్ని ఆఖర్న ముట్టుకోండి, అది కూడా వెయిట్లు, స్ప్రింగులతో పని జరగకపోతేనే.

ఇలా ఎందుకంటున్నానంటే, ఒకప్పుడు నేనే ఈ పని చెడగొట్టుకున్నాను. టైర్లు మార్చిన ఉత్సాహంలో వెయిట్లు, రెండు స్ప్రింగులు, హెలిక్స్ అన్నీ ఒకే రాత్రి వేశాను. పొద్దున్నే తీసుకెళ్తే ఇంజిన్ గొంతు చించుకుంటోంది, బండి మాత్రం పెళ్లినడక నడుస్తోంది. తప్పు ఎందులో ఉందో ఎలా తెలుస్తుంది? నాలుగూ విప్పి, పాతవి పెట్టి, ఒక్కొక్కటే మార్చుకుంటూ రావడానికి మూడు వారాంతాలు పట్టింది. చివరికి చూస్తే నాకు కావలసింది వెయిట్లు, సెకండరీ స్ప్రింగ్ మాత్రమే. మిగతా రెండూ ఇప్పటికీ డబ్బాలోనే ఉన్నాయి.

క్లచ్ మొత్తం మార్చమన్న మిత్రుడి మాటకు వద్దాం. మీ ప్రైమరీ అరిగిపోయి ఉంటే, రోలర్లు, బుష్‌లు, పళ్ళేలు అన్నీ కలిపి మార్చడానికయ్యే ఖర్చు కొత్తదానికి దగ్గరపడితే, అప్పుడు ఆ ఆలోచన సరైనదే. ఇంజిన్‌కు టర్బో తగిలించినవాళ్లకు కూడా. ఇంకో రకం ఉంది. అందులో బెల్టు ఎప్పుడూ బిగుతుగానే ఉంటుంది, కదలడం ఆగడం అంతా లోపల విడిగా ఉండే సెంట్రిఫ్యూగల్ క్లచ్ చూసుకుంటుంది. రోజూ బురదలో మెల్లగా నడిపేవాళ్లకు బెల్టు కాలే బెడద దానితో బాగా తగ్గుతుంది, దిగుడులో ఇంజిన్ బ్రేకింగ్ (రేజ్ వదిలితే ఇంజినే బండి వేగాన్ని పట్టి ఉంచడం) కూడా వస్తుంది. యమహా గ్రిజ్లీ, కోడియాక్ లాంటివి కంపెనీ నుంచే ఈ పద్ధతిలో వస్తాయి. వాటిలో మీ బండిలో ఉన్నలాంటి వెయిట్లకు బదులు గుండ్రటి రోలర్లు ఉంటాయి, కాబట్టి అలాంటి బండి ఉన్న మిత్రుడి గ్రాముల లెక్క మీ బండికి పనికిరాదు. మీ బండి 570 సీసీ, టైర్లు 28. ప్రైమరీ బాగుంటే దాన్ని మార్చడం నాకైతే అనవసరం అనిపిస్తుంది.

ఏ కిట్ అయినా ఒక పని చేయలేదు. బండి కదిలే క్షణంలో బెల్టు ఉండే చోటు, అంటే అన్నిటికంటే కింది గేరు నిష్పత్తి, స్ప్రింగులు మారిస్తే మారదు. టైరు వల్ల పోయిన 11 శాతం తోపు ఆ మొదటి క్షణంలో తిరిగి రాదు. ఇంజిన్ త్వరగా శక్తి ఉన్న చోటికి చేరుతుంది, అక్కడే ఎక్కువసేపు ఉంటుంది, కిట్ ఇచ్చే లాభం అదే. 30 అంగుళాలు దాటి వెళ్లాలనుకునేవాళ్లు క్లచ్ కిట్‌తో సరిపెట్టుకోకుండా గేర్ రిడక్షన్ (గేర్ల నిష్పత్తినే కిందికి దించే మార్పు) వైపు చూడాలి. 28కి అంత అవసరం లేదు, కిట్, లో గేరు చాలు.

మరి టాప్ స్పీడ్? మర్చిపొమ్మనే అంటాను. బరువు టైర్లతో ఎత్తులు ఎక్కే సెట్టింగ్ ఒకటి, చివరి వేగం ఇంకొకటి. ఉన్న వేగమైనా పూర్తిగా అందుతోందా అని మాత్రం తెలుసుకోవచ్చు. ప్రైమరీ పళ్ళెం మీద మధ్య నుంచి అంచు దాకా మార్కర్‌తో గీత గీసి, మూత బిగించి, ఒకసారి పూర్తిగా నడిపి రండి. బెల్టు ఎక్కడిదాకా ఎక్కితే అక్కడిదాకా గీత చెరిగిపోతుంది. అంచు దగ్గర చాలా గీత మిగిలితే బెల్టు పైకి ఎక్కడం లేదు. సెకండరీ స్ప్రింగ్ మరీ గట్టిదో, వెయిట్లు మరీ తేలికో, బెల్టు అరిగిందో, వీటిలో ఒకటి.

కిట్ అడిగేటప్పుడు మోడల్, సంవత్సరం, టైరు సైజు, మీరు తిరిగే చోటు సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో చెప్పండి. డాల్టన్, ఈపీఐ లాంటి కంపెనీలు ఇవి చూసే కిట్లు విడగొడతాయి. పైకి వెళ్లేకొద్దీ గాలి పల్చబడి, ప్రతి 300 మీటర్లకు సుమారు 3 శాతం శక్తి తగ్గుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోలు పాళ్లను సర్దుతుంది కానీ లేని గాలిని తేలేదు. 1,500 మీటర్ల ఎత్తున తిరిగే బండికి, సముద్రం ఒడ్డున తిరిగే అదే బండికి వెయిట్లు ఒకటే అయితే ఇద్దరిలో ఒకరు నష్టపోతారు. మీ మోడల్ ప్రైమరీలో ఇంజిన్ బ్రేకింగ్ కోసం వన్‌వే బేరింగ్ (ఒక దిక్కులోనే తిరిగేది) ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి, దానికి విడిగా స్ప్రింగ్ ఉంటుంది.

బిగించే పని మీరే చేసుకోవాలనుకుంటే మీ మోడల్‌కు సరిపోయే క్లచ్ పుల్లర్, స్ప్రింగ్‌ను అణిచి పట్టే కంప్రెసర్, టార్క్ రెంచ్ మూడూ ఉండాలి. సుత్తితో, స్క్రూడ్రైవర్‌తో పళ్ళేలను ఊడబెరికితే అల్యూమినియం అంచులు వంగుతాయి. లోపలి స్ప్రింగ్ మూత తెరవగానే మొహం మీదికి ఎగిరే రకం, తేలిగ్గా తీసుకోకండి. ప్రైమరీ కూర్చునే, చివరికి సన్నబడే టేపర్ షాఫ్ట్‌ను పొడిగా, శుభ్రంగా తుడవండి. నున్నగా ఎక్కుతుందని అక్కడ గ్రీజు రాయకూడదు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా పని తెలిసిన మెకానిక్‌కు ఇచ్చేయండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

కొలిచాక బెల్టు మార్చాల్సి వస్తే, కొత్తది వేశాక మొదటి 50 కి.మీ. లోడు లాగకుండా, పూర్తిగా నొక్కకుండా, వేగం అటూ ఇటూ మారుస్తూ నడపండి. ఆర్‌పీఎం కొలవాల్సింది ఆ తరువాతే. ముందే కొలిస్తే ఇంకా కుదురుకోని బెల్టు జారుడు కూడా ఆ అంకెలో కలిసిపోతుంది, మీరు అక్కర్లేని వెయిట్లు కొంటారు.